మా ఊరి బూడిదమిట్ట ఏ రికార్డులోనూ లేదు. పంచాయతీ ద్వారా కాపాడుకునే దారి ఏదైనా ఉందా?

కందిచేను టీచర్:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు ఒక చిన్న ఊరు. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. గుప్తనిధుల పిచ్చోళ్లు ఇక్కడ కూడా చదువుతుంటారు కదా. నేను పక్క ఊరి హైస్కూల్లో సోషల్ చెప్తాను.

మా ఊరికి పడమర, వంక దాటాక ఒక మిట్ట ఉంది. అందరూ బూడిదమిట్ట అంటారు. మట్టి నిజంగానే బూడిద రంగు. వాన పడితే కాలు జారుతుంది, ఎండితే పిండిలా లేస్తుంది. మా మామ చిన్నప్పుడు ఎండాకాలంలో ఎద్దులబండి కట్టుకుని వెళ్లి ఆ మట్టి తోలి చెనక్కాయ చేనికి వేసేవారట. పాటిమన్ను (పాత ఊరి దిబ్బల మట్టి) ఒకసారి వేస్తే రెండేళ్లు ఎరువు మాటే ఎత్తక్కర్లేదని ఇప్పటికీ అంటారు. పారకు కుండపెంకులు తగిలేవి, వాటిని గట్టున పారేసేవాళ్లు. నున్నటి నల్లరాళ్లు దొరికితే మాత్రం తెచ్చి ఊరి బయట వేపచెట్టు కింద పెద్దమ్మ ముందు పెట్టేవాళ్లు. అక్కడ ఇప్పటికీ ఏడెనిమిది ఉన్నాయి, పసుపు కుంకుమలతో. బీఈడీ చదివేటప్పుడు మ్యూజియంలో అద్దాల పెట్టెలో అలాంటివే చూసేదాకా అవి రాతిగొడ్డళ్లని నాకు తెలియదు. పెళ్లయిన కొత్తలో వాటికి దండం పెట్టుకున్నాను. ఇప్పుడూ పెట్టుకుంటాను, అది వేరే సంగతి.

ఇలాంటి బూడిద దిబ్బలు కర్ణాటక సరిహద్దు పొడుగునా ఉన్నాయి. ఇవి కొత్తరాతియుగం (నవీన శిలాయుగం) నాటి పశువుల దొడ్లు. పేడ కుప్పలు పడి, కాలి, మళ్లీ పడి, మళ్లీ కాలి మిట్టలైనాయి. మహబూబ్‌నగర్ వైపు ఉట్నూరులో ఆల్చిన్ అనే ఆయన 1957లో తవ్వితే ఆ పొరల్లో ఎద్దుల గిట్టల గుర్తులు కనపడ్డాయి. మా కళ్యాణదుర్గం ప్రాంతంలోనే పాలవాయిలో తవ్వకాలు జరిగాయి, వి. రామిరెడ్డి గారు 1976లో దాని మీద పుస్తకమే వేశారు. అంటే మా మిట్ట ఏదో నా ఒక్కదాని ఊహ కాదు.

మిట్టకు అవతల గుట్టవాలులో రాక్షసగుళ్లు ఉన్నాయి. నాలుగు బండలు నిలబెట్టి పైన మూతబండ వేసినవి. కొన్నిటికి ముందు బండలో గుండ్రటి కన్నం ఉంటుంది. రెండేళ్ల కిందట పిల్లల్ని తీసుకెళ్లి లెక్కపెట్టిస్తే 14 వచ్చాయి. మొన్న సంక్రాంతికి 11.

ఇప్పుడు అసలు విషయం. రోడ్డు పనికని గుట్ట కింద గ్రావెల్ తవ్వుతున్నారు. జేసీబీ మిట్ట తూర్పు అంచు దాకా వచ్చేసింది. డ్రైవర్‌ని అడిగితే పర్మిషన్ ఉందన్నాడు. మండలం ఆఫీసులో అడిగితే గుమాస్తా రికార్డు తిప్పి చూపించాడు: "మేడమ్, ఇది ఉత్త గవర్నమెంటు బీడు. మీరు చెప్పే మిట్ట ఇందులో యాడుందో మీరే చూపించండి." నిజంగానే లేదు. ఒక శాఖకు ఫొటోలతో అర్జీ పంపి ఎనిమిది నెలలైంది, జవాబు లేదు.

నేను అడిగేది ఒక్కటే. రక్షిత కట్టడం అని పైనుంచి బోర్డు వచ్చేదాకా ఆగితే ఇక్కడ మిగిలేది గొయ్యే. పంచాయతీ, మండలం, మాస్టర్ ప్లాన్ లాంటి మన చేతికందే చోట ఏదైనా చెయ్యగలమా? ఎవరైనా చేసి చూసినవాళ్లు ఉంటే చెప్పండి. ఊరికే కోర్టుకు పొమ్మని మాత్రం చెప్పకండి, నాకు ఇద్దరు పిల్లలు, పదో తరగతి స్పెషల్ క్లాసులు కూడా ఉన్నాయి.

గొలుసు_కర్ర:

టీచరమ్మా, సర్వే డిపార్ట్‌మెంటులో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. కడప, అనంతపురం జిల్లాల్లో నేను నడవని గట్టు తక్కువ. గుమాస్తా చెప్పింది నిజమే, ఆయన మీద కోపం తెచ్చుకోకండి. ఎఫ్‌ఎంబిలో (పొలం కొలతల పుస్తకంలో) బావికి గుర్తు ఉంది, గుడికి ఉంది, బండిబాటకు ఉంది. పాటిదిబ్బకు లేదు. ఎన్ని దిబ్బల మీద నిలబడి చెయిన్ లాగించి కాగితం మీద తెల్లగా వదిలేశానో నాకే లెక్క తెలియదు. కుండపెంకులు చెప్పుకింద కరకరలాడేవి. అది మా పని కాదనుకునేవాళ్లం.

మీ మిట్ట రికార్డులో బహుశా ఏడబ్ల్యూడీ అని ఉంటుంది, అంటే పన్ను ఎంతో నిర్ణయించిన మెట్ట బీడు, ఎవరికీ ఇవ్వనిది. ఆ మాట ఉన్న భూమి అందరికీ లోకువ. గ్రావెల్ అడిగేవాడు దాన్నే అడుగుతాడు, ఇళ్ల స్థలాలకు వెతికేవాళ్లూ దాన్నే చూస్తారు. గనుల శాఖ వాళ్లు తహశీల్దారును అభ్యంతరం ఉందా అని అడుగుతారు, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) వెళ్లి చూసి "బీడు, అభ్యంతరం లేదు" అని రాస్తాడు. ఆయన రాసింది తప్పు కాదు, ఎదురుగా కాగితం లేదు. కాబట్టి మీరు చెయ్యాల్సింది ఆ కాగితం పుట్టించడం. గ్రామసభలో తీర్మానం పెట్టించండి. సర్వే నంబరు, సుమారు విస్తీర్ణం, నాలుగు హద్దులు, ఊళ్లో పిలిచే పేరు, ఈ నాలుగూ ఉండాలి. "చారిత్రక ప్రదేశాన్ని కాపాడవలెను" అని గాల్లో తీర్మానం చేస్తే అది ఫైల్లో చెదలకు తప్ప ఎవరికీ పనికిరాదు. ఆ తీర్మానం కాపీతో తహశీల్దారుకు అర్జీ, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో ఇంకొకటి ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు ఇంకెవరైనా అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ అడిగితే ఆర్‌ఐ ఆ తీర్మానాన్ని చూడనట్టు రాయడానికి జంకుతాడు.

ఇంకో మాట, సగం నవ్వులాటకు, సగం నిజంగా. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మేతబీళ్లు, కళ్లాలు, శ్మశానాలు, పశువుల మందలు నిలిపే చోట్లు లాంటి పోరంబోకులు, ప్రభుత్వానికి వేరే అవసరం లేకపోతే, పంచాయతీవి. మీరు చెప్పిన లెక్క ప్రకారం బూడిదమిట్ట వేల ఏళ్ల నాటి పశువుల మంద. రాక్షసగుళ్లు శ్మశానం. సమాధులే కదా అవి! ఏ తహశీల్దారూ ఈ వాదన ఒప్పుకోడు, కానీ గ్రామసభలో చెప్పి చూడండి, ముసలోళ్లకు వెంటనే ఎక్కుతుంది.

22ఎ జాబితాలో (రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితా) పెట్టించమని మాత్రం తొందరపడి అడగకండి. ఆ సర్వే నంబరులో పక్కన ఎవరి పట్టా అయినా ఉంటే దానికీ రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. కూతురి పెళ్లికి ఎకరం అమ్ముకోవాలనుకున్న రైతు మీ ఇంటి ముందుకు వస్తాడు. ముందు సబ్ డివిజన్ చేయించి, మిట్టను వేరే నంబరుగా తీయించాలి. రీసర్వే (భూములు మళ్లీ కొలవడం) జరగకపోయుంటే ఇంకా మంచిది, కొలిచేవాళ్లు వచ్చిన రోజు మీరు పొలంలో ఉండాలి.

కోట కింద ఇల్లు:

అక్కా, నాది వేరే వైపు అనుభవం. మాది కోట ఉన్న ఊరు. పేరు చెప్పను, ఆఫీసులో నా ఫైలు ఇంకా ఉంది. మా తాత కట్టిన ఇల్లు కోటగోడకు 60 మీటర్ల దూరంలో ఉంది. 2010లో పురాతన కట్టడాల చట్టం సవరించాక కేంద్రం రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 100 మీటర్ల లోపల కొత్తగా కట్టకూడదు. పక్కకు పెంచినా, పైకి లేపినా కొత్త కట్టడం కిందే లెక్క. మరమ్మతు చేసుకోవచ్చు, దానికీ అనుమతి కావాలి. తప్పితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

తమ్ముడికి పెళ్లైంది, పైన ఒక గది వేద్దామనుకున్నాం. అది కుదరదని తెలిసింది. సరే, పైకప్పు కురుస్తోంది, మిద్దె మార్చుకుంటామని మరమ్మతు కింద అప్లై చేశాం. మూడు వానాకాలాలు బకెట్లు పెట్టుకుని పడుకున్నాం. అదే వీధిలో అనుమతి అడగనోడు రాత్రికి రాత్రి స్లాబు వేసుకుని సుఖంగా ఉన్నాడు. మా వీధిలో ఇప్పుడు కోటంటే ఎవరికీ ప్రేమ లేదు. చిన్నప్పుడు ఉండేది.

కాపాడొద్దని కాదు నేను అనేది. గిరి గీసేముందు అందులో ఎవరి ఇల్లుందో చూసుకోండి. మీది బీడు భూమి కాబట్టి మీకు ఆ గొడవ తక్కువే. చుట్టూ పొలాలున్నవాళ్లకు "దున్నుకోవచ్చు, బోరు వేసుకోవచ్చు, మట్టి తోలొద్దు" అని ముందే రాసి చెప్పండి.

కందిచేను టీచర్:

కోట కింద తమ్ముడూ, ఇది నేను అనుకోని సంగతి. మిట్టకు దక్షిణం వైపు మా మరిది కంది వేస్తాడు. రాత్రి అన్నం తినేటప్పుడు కదిపి చూశాను. "వదినా, రేపు నా చేన్లోకి నన్నే పోనీరా?" అన్నాడు. అంటే మీరు చెప్పిన భయం మా ఇంట్లోనే ఉంది.

సర్వేయర్ సార్, పశువుల మంద మాట మా మామకు చెప్తే ఐదు నిమిషాలు నవ్వారు. తర్వాత "అబద్ధమేముంది, మొన్నటి దాకా మా గొర్రెల మంద కూడా ఆడే నిలిపేవాళ్లం" అన్నారు.

బనగానపల్లె మామిడి:

మేడమ్, మాది ఇప్పుడు నంద్యాల జిల్లా, మాకింకా కర్నూలే. మా పక్కన జ్వాలాపురం గురించి వినే ఉంటారు. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు లేచిన బూడిద ఇక్కడ జుర్రేరు లోయలో పడి, కొన్నిచోట్ల నిలువెత్తు కంటే ఎక్కువ మందాన పేరుకుంది. ఆ బూడిద కింద, మీద కూడా రాతి పనిముట్లు దొరికాయి. పెట్రాగ్లియా, కోరిశెట్టర్ వాళ్ల బృందం 2007లో సైన్స్ పత్రికలో రాశాక ప్రపంచమంతా మాట్లాడింది. మా దగ్గర మాత్రం ఆ బూడిదను గిన్నెలు తోమే పొడికని తవ్వి లారీలకెత్తారు.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ తవ్విన గోతుల వల్లే పొరలు బయటపడ్డాయి, పరిశోధకులకు చూడ్డానికి గోడలా నిలబడ్డాయి. అందుకని తవ్వినవాళ్లనే తిట్టడానికి నాకు మనసు రాదు. పట్టా భూమి, పంట రాదు, బూడిదకు డబ్బులిస్తారు. రైతు అమ్ముకోక ఏం చేస్తాడు? కానీ లోయలో ఫలానా రెండెకరాలు ముట్టుకోవద్దు, మిగతాది మీ ఇష్టం అని ఎవరైనా ముందే కూర్చోబెట్టి చెప్పి, ఆ రెండెకరాలకు ఏదైనా పరిహారం చూపించి ఉంటే వినేవాళ్లు. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలదీ దాదాపు ఇదే కథ. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్విన గుహలు, చుట్టూ చూస్తే నాపరాళ్ల క్వారీలు.

ఒక హెచ్చరిక. లొకేషన్ పిన్ ఎక్కడా పెట్టకండి. ఫొటోల్లో గుట్ట ఆకారం కనపడకుండా చూసుకోండి. అమావాస్యకు నిమ్మకాయలు పట్టుకుని వచ్చేవాళ్లు జేసీబీ కంటే తక్కువేం కాదు.

ప్రొద్దుటూరు నుంచి యార్క్‌షైర్:

నేను ఇంగ్లండులో ప్లానింగ్ ఆఫీసులో మ్యాపులు గీసే పని చేస్తాను. ఇక్కడ పద్ధతి చెప్తాను, మనకు అతుకుతుందో లేదో పెద్దలు చూడండి.

1989లో లండన్‌లో ఒక ఆఫీసు బిల్డింగు పునాదులు తవ్వుతుంటే షేక్‌స్పియర్ కాలం నాటి రోజ్ థియేటర్ బయటపడింది. అప్పటికే పర్మిషన్ ఇచ్చేశారు. జనం వచ్చి అడ్డం నిలబడ్డారు, నాటకాల వాళ్లు కూడా వచ్చారు. పెద్ద గొడవై చివరికి బిల్డింగు డిజైన్ మార్చారు. మరుసటి ఏడాదే, 1990లో, ప్రభుత్వం ప్లానింగ్ ఆఫీసులకు పీపీజీ 16 అనే మార్గదర్శకం ఇచ్చింది. దాని సారం ఇది: భూమి కింద ఏముందో పర్మిషన్ ఇవ్వకముందే చూడాలి, ఆ చూసే ఖర్చు కట్టేవాడే పెట్టుకోవాలి. పేర్లు మారినా ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది.

ఇక్కడ చట్టం పూర్తి రక్షణ ఇచ్చినవి ఇంగ్లండు మొత్తంలో దాదాపు 20 వేలు. అలాంటి రక్షణ లేనివి అంతకు ఎన్నో రెట్లు ఉన్నాయి. అవన్నీ స్థానికంగా ఉంచే ఒక రికార్డులో ఉంటాయి. రైతుకు పొలంలో దొరికిన పెంకు కూడా అందులోకి ఎక్కుతుంది. ఆ రికార్డులో ఉంటే పని ఆగిపోతుందని కాదు. దరఖాస్తు రాగానే నా స్క్రీన్ మీద ఒక చుక్క కనపడుతుంది, పురావస్తు సలహాదారుకు ఒక మాట చెప్తాం. తొంభై సార్లు "పర్లేదు, కట్టుకోండి" అనే వస్తుంది. పది సార్లు "ఆ మూల వదిలేసి కట్టండి" అని వస్తుంది. ఆ పదిసార్ల కోసమే ఆ చుక్క.

మన దగ్గర ఆ చుక్క లేదు. దేశం మొత్తంలో కేంద్ర రక్షణలో ఉన్నవి సుమారు 3,700, రాష్ట్రాల జాబితాలు వేరే. జాబితాలో ఉంటే 100 మీటర్ల గిరి, లేకపోతే సున్నా. మధ్యలో ఏమీ లేదు. కోట కింద తమ్ముడి కష్టం, టీచర్ గారి కష్టం రెండూ అక్కడి నుంచే వచ్చాయి. మా గండికోటనే చూడండి. అక్కడికి వచ్చినవాడు మొదట చూసేది పెన్న కోసుకుపోయిన లోయని, తర్వాతే మసీదు, ధాన్యాగారం. మీటర్లలో గీసిన గిరి గోడకు సరిపోతుంది, లోయకు ఎలా సరిపోతుంది?

మేడమ్, మీ మండలం ఏదైనా అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలోకి వచ్చిందేమో కనుక్కోండి. వచ్చుంటే ముసాయిదా మాస్టర్ ప్లాన్ ప్రకటించినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. రంగుల మ్యాపులో మీ గుట్ట ఏ రంగులో ఉందో చూడండి. దాన్ని వినోద స్థలంగానో, ఖాళీ జాగాగానో చూపించమని సర్వే నంబరుతో సహా రాయండి. మనకు మూలమైన 1920 మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టంలోనే చారిత్రక విలువ ఉన్నవాటిని, ప్రకృతి అందాన్ని కాపాడటం ప్లానులో పెట్టదగిన అంశంగా రాసి ఉంది. వందేళ్లు దాటినా దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ.

బళ్లారి రోడ్డు:

రోడ్డు కావాలా, కుండపెంకులు కావాలా? మా పిల్లలు గుంతల్లో పడి చస్తున్నారు. టీచర్లకు జీతాలొస్తాయి, ఏమైనా మాట్లాడతారు.

కందిచేను టీచర్:

రోడ్డు కావాలండీ. ఆ గుంతల్లోనే నేను రోజూ స్కూటీ నడుపుతాను, పోయిన నెల పడి మోకాలు చెక్కుకుపోయింది కూడా. గ్రావెల్ గుట్టకు అటువైపు కూడా ఉంది. ఆ డ్రైవరే చెప్పాడు, "ఎవరైనా ముందే చెప్పుంటే అటే తోడేవాళ్లం, మాకేం మిట్ట మీద పగా?" అని.

కందిచేను టీచర్: (ఐదు వారాల తర్వాత)

అడిగి వదిలేశాననుకోకండి. జరిగింది రాస్తున్నా.

గ్రామసభలో తీర్మానం అయింది. నేను గంటసేపు నవీన శిలాయుగం అని చెప్తే ఎవరూ వినలేదు. మా మామ లేచి "మన పెద్దమ్మ ముందున్న రాళ్లు యాడియనుకున్నారు? ఆ మిట్టయే" అన్నారు, అంతే. సర్పంచ్ గారు వెంటనే రాయమన్నారు. అయితే ఇంకో చిక్కు వచ్చింది, అమ్మవారి రాళ్ల చోటు కాబట్టి మిట్ట మీద గుడి కడదామని ఇద్దరు లేచారు! వాళ్లను కూర్చోబెట్టేసరికి నా గొంతు పోయింది. చివరికి "తవ్వరాదు, కట్టరాదు, పశువులు మేపుకోవచ్చు, చుట్టూ సేద్యం యథావిధిగా చేసుకోవచ్చు" అని రాయించాం. ఆ చివరి మాట మా మరిది పక్కన నిలబడి దగ్గరుండి రాయించుకున్నాడు.

హద్దులకు పిల్లలు పనికొచ్చారు. తొమ్మిదో తరగతి వాళ్లు 50 మీటర్ల టేపుతో కొలిచారు. మిట్ట, రాక్షసగుళ్లు కలిపితే సుమారు 6 ఎకరాలు వచ్చింది. గుళ్లు 11 కాదు, 12. ఒకటి తంగేడు పొదలో దాక్కుంది, ఒక పిల్లాడు మేకపిల్ల కోసం వెళ్లి చూశాడు.

తహశీల్దారు గారికి ఇచ్చాను, రసీదు ఉంది. జేసీబీ ప్రస్తుతానికి గుట్టకు అటువైపు పనిచేస్తోంది. ఆర్డరు వల్ల కాదు, ఆ డ్రైవర్ మంచితనం వల్ల. ఇంకో డ్రైవర్ వస్తే ఏమవుతుందో. తూర్పు అంచున పోయింది పోయినట్టే, అక్కడ గోడలా తెగిన చోట బూడిద పొరలు ఒకదాని మీద ఒకటి తెల్లగా, నల్లగా, ఎర్రగా కనిపిస్తున్నాయి. మాస్టర్ ప్లాన్ సంగతి అడిగాను, మా మండలం లోపల ఉందో బయట ఉందో అక్కడ కూర్చున్న ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు. వచ్చే సోమవారం మళ్లీ వెళ్తాను.

సర్వేయర్ సార్, సబ్ డివిజన్‌కు అప్లై చేస్తే మిట్ట అంచు ఎక్కడ పెట్టాలని అడుగుతున్నారు. బూడిద మట్టి ఆగిపోయిన చోటా, పెంకులు ఆగిపోయిన చోటా? పెంకులు మా మరిది చేనులోకి పోయాయి.

గొలుసు_కర్ర:

బూడిద ఆగిన చోట పెట్టండమ్మా. పెంకుల దాకా పోతే మీ మరిది మీతో మాట్లాడడు. పెంకులు ఎంతవరకు ఉన్నాయో మాత్రం స్కెచ్‌లో చుక్కలగీత వేసి, పక్కన రాసిపెట్టుకోండి. నేను ఆదివారం పొద్దున కళ్యాణదుర్గం బస్సెక్కుతాను. మీ మామను మిట్ట దగ్గర నిలబడమనండి, ఎండెక్కకముందే రాళ్లు పాతేద్దాం.